గిన్నెల మిషనరీ

నాకు కోపం ఎక్కువని అమలాపురంలో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి కంప్యూటర్‌తో పనిలేదు కాబట్టి తెలియదు. గడియార స్తంభం దగ్గర మేడ మీద నాలుగు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడపాలంటే ఆడదానికి కోపం ఉండి తీరాలి. ఒకడు కీబోర్డు మీద టీ ఒలకబోస్తాడు. ఇంకొకడు చూడకూడనివి చూద్దామని మూల సీటు అడుగుతాడు. అందుకే నేను క్యాబిన్లకు తలుపులు పెట్టించలేదు. మధ్యన నడుమెత్తు చెక్కలే పెట్టించాను. దాంతో ఎవరేం మాట్లాడుకున్నా నా బల్ల దాకా వినిపిస్తుంది. వినాలని కాదు. చెవుల్లో దూది పెట్టుకుని షాపు నడపలేం కదా!

రెండు వేల ఏడు జూన్‌లో, వాన వెలిసిన ఒక మధ్యాహ్నం, దీపక్ మెట్లెక్కి వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. తెల్లచొక్కా, చంకలో నోటుపుస్తకం. గుమ్మం బయటే చెప్పులు విప్పేశాడు. నెట్ సెంటర్లోకి చెప్పులు విప్పి వచ్చిన మనిషిని చూడటం నాకదే మొదటిసారి.

"అక్కగారూ, కెమెరా ఉన్న సిస్టమ్ కావాలండి. మంగళవారం, శనివారం, రెండింటి నుంచి మూడింటి దాకా. ఆరు వారాలండి."

"దేనికి?"

"ట్రైనింగుకండి."

"ఏం ట్రైనింగు?"

నేల వైపు చూశాడు. "మిషనరీ ట్రైనింగండి. ఒరిస్సా కొండల్లో ఊళ్ళకి పంపుతారండి. ఇదివరకు నాగపూర్ వెళ్ళి మూడు నెలలు నేర్చుకునేవారండి. ఈ ఏడాది నుంచి నెట్‌లోనే చెప్తారంట. ఇందులో పాసైతేనే పంపుతారండి."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "ఇదిగో బాబూ, ముందే చెప్తున్నాను. నా షాపులో నాకు గానీ నా కస్టమర్లకు గానీ మతం మాటలు చెప్పకూడదు. నీ ప్రాక్టీసు నా మీద చెయ్యకూడదు. సరేనా?"

"ఆయ్," అన్నాడు.

అంతే. వాదిస్తాడేమో, రెండు మాటలు దులిపేద్దామని సిద్ధంగా ఉన్నాను. అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఒళ్ళు మండదా!

మర్నాడు వాళ్ళ నాన్నగారు సుందరరావు మాస్టారు వచ్చారు. హైస్కూల్లో హెడ్మాస్టరు. ఇస్త్రీ మడత నలగని మనిషి. కుర్చీ తుడుచుకుని కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడారు.

"అమ్మా, మా తాతగారు పొలంలో పాలికాపు. మా నాన్న బైబిలు చదవడం కోసం అక్షరాలు నేర్చుకున్నాడు. నేను ఆ అక్షరాలతోనే ఉద్యోగం చేస్తున్నాను. దేవుడి పని అంటే నాకు కాదనే నోరు లేదు. కానీ మిషనరీ అంటే మాట్లాడాలి కదమ్మా! మావాడు ఇంట్లో ప్రార్థన చెయ్యరా అంటే 'నాన్నగారు చేస్తారు' అంటాడు. అందుకే ఒప్పందం పెట్టేను. ఇది పాసైతే కొండలకి పో. తప్పితే నోరెత్తకుండా బీఎడ్‌లో చేరు."

"ఎలాగూ నోరెత్తడు కదండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. హెడ్మాస్టర్లు అంత తొందరగా నవ్వరు.

మొదటి క్లాసు నాకు బాగా గుర్తు. అటువైపు శాంతి మేడమ్ అని ఒకావిడ, కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు. తెలుగావిడే, నాగపూర్‌లో స్థిరపడ్డారు. మాటలు బాగానే సాగాయి. చివర్లో "ప్రార్థన చేసుకుందాం" అన్నారట, ఆవిడ కళ్ళు మూసుకున్నారు, ఇతనూ మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీయస్ రెండుసార్లు కూతబెట్టి చచ్చిపోయింది. మిగతా వాళ్ళందరూ లేచి గొణుక్కుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఇతను మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చేతులు కట్టుకుని, నల్లటి స్క్రీను ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అటు నుంచి ఆమేన్ వినపడందే కళ్ళు తెరవకూడదట. పది నిమిషాలు చూశాను. పదిహేను నిమిషాలు చూశాను. చెమటలు కారుతున్నాయి గానీ కదలడే!

చివరికి వెళ్ళి హెడ్‌ఫోన్స్ తీసి చెప్పాను. "ఆమేన్. నేను చెప్తున్నాను. ఇంక లే."

"అయిపోయిందాండి?" అన్నాడు. "మేడమ్ గారు మౌన ప్రార్థన పెట్టేరనుకున్నానండి."

ఏడు నెలల తర్వాత నేను పగలబడి నవ్వడం అదే మొదటిసారి. ఆ ఏడు నెలల సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఆయన వీరవెంకటరమణ మస్కట్‌లో ఏసీ మెకానిక్. మొదటి రెండేళ్ళు వారానికోసారి ఫోను, పండక్కి ఫొటో. ఆ తర్వాత నెలకోసారి. తర్వాత ఏమీ లేదు. నా షాపుకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది మొగుళ్ళు గల్ఫ్‌లోనే ఉన్నారు. వాళ్ళ మెయిళ్ళు చదివిపెట్టేది నేనే, జవాబులు కొట్టేది నేనే. 'బంగారం' అని ఎవడో వాళ్ళావిడకు రాసింది నేను పైకి చదవాలి. "మీ ఆయన ఎలా ఉన్నారమ్మా?" అని వాళ్ళు అడిగితే "బావున్నారండి" అనాలి. రోజూ తొమ్మిదింటికి షట్టర్ తీసి ముందు నా మెయిలే తెరిచేదాన్ని. ఖాళీగా ఉండేది. మూసేసేదాన్ని. ఏడుపు వచ్చేది, అప్పుడు ఎవరైనా మెట్లెక్కితే వాళ్ళ మీద అరిచేదాన్ని. నా కోపం కథ ఇదీ.

ఒక్కదాని కోసం వంటేమిటని పొయ్యి వెలిగించడం కూడా మానేశాను. మధ్యాహ్నం ఒక టీ, రెండు బిస్కెట్లు. ఎవరైనా అడిగితే డైటింగ్ అనేదాన్ని. కొత్తగా వచ్చిన మాట కాబట్టి అందరూ గౌరవంగా తలాడించేవారు.

దీపక్ ట్రైనింగులో ఒక లెక్క ఉంది. వారానికి ఒక కొత్త ఇంటికి వెళ్ళాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మాట్లాడాలి, వాళ్ళకు ఏదో ఒక మంచి మాట ఇచ్చి రావాలి. శనివారం క్లాసులోగా రిపోర్టు పంపాలి. ఇతను ఒంటివేలితో టైపు చేస్తుంటే నాకు ప్రాణం విసిగి, "లే, నువ్వు చెప్పు, నేను కొడతాను" అన్నాను. అలా ఆ రిపోర్టులన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి.

మొదటి రిపోర్టు ఇదీ: "అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచే దుర్గమ్మ గారింటికి వెళ్ళితిని. ఎవరబ్బాయివి అని అడిగిరి. చెప్పితిని. భోజనం అయినదా అని అడిగిరి. అయినది అంటిని. వారు నమ్మలేదు."

"తర్వాత?" అన్నాను.

"తర్వాత ఏం లేదండి. లారీ లోడింగుకి టైమైపోయిందని ఆవిడ వెళ్ళిపోయేరండి. ఇదిచ్చేరు." సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి నా బల్ల మీద పెట్టాడు. "నేను ఇంటి దగ్గర తినేసొచ్చేనండి. మీరు తినండక్కగారూ."

మూత తీస్తే పనసపొట్టు కూర. ఆవ ఘాటు ముక్కుకు తగిలింది. కింద అన్నం. డైటింగ్ సంగతి మరిచిపోయి ఊడ్చుకుని తిన్నాను. డబ్బా కడిగాను. పరాయివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదని మా అమ్మ చిన్నప్పుడే నేర్పింది. టీ కోసం పెట్టుకున్న పంచదార ఒక గుప్పెడు పోసి ఇచ్చాను. తప్పు అక్కడే జరిగింది.

ఎందుకంటే ఆ డబ్బా తిరిగివ్వడానికి దీపక్ మళ్ళీ దుర్గమ్మ ఇంటికి వెళ్ళాలి. పంచదార పోసి తెచ్చిన డబ్బాను ఆవిడ మాత్రం ఊరికే పుచ్చుకుంటుందా? మళ్ళీ నింపి ఇచ్చింది. ఈసారి చేమదుంపల పులుసు. అది నేను తిన్నాను. కడిగి కందిపప్పు పోశాను. రెండో వారం రిపోర్టులో కొత్త ఇల్లు ఓడలరేవు పాపారావు గారిది, సముద్రంలో చేపల వేటకు వెళ్ళే మనిషి. అక్కడి నుంచి రేకు డబ్బా నిండా ఎండుచేపలు వచ్చాయి. ఆ రోజు ఫ్యాను తిరిగినంతసేపూ నాలుగు క్యాబిన్లలో మనుషులు ముక్కులు మూసుకుని చాటింగ్ చేశారు. మూడో వారానికి నా బల్ల కింద నాలుగు రకాల గిన్నెలు చేరాయి. ఏది ఎవరిదో దీపక్ నోటుపుస్తకంలో రాసుకున్నాడు. సైకిలు హేండిల్‌కి రెండు వైపులా సంచులతో వాణ్ణి దారిలో చూసిన వాళ్ళు ఏ క్యాటరింగులోనో పనికి కుదిరాడనుకునేవారు.

నేను వాణ్ణి "గిన్నెల మిషనరీ గారూ" అని పిలవడం మొదలుపెట్టాను. "ఆయ్," అని పలికేవాడు.

శాంతి మేడమ్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆ కరెంటు గొడవ తర్వాత హెడ్‌ఫోన్స్ మానేసి స్పీకరు పెట్టుకుని వినేవాడు కాబట్టి ఆవిడ ప్రతి మాటా నాకు వినిపించేది.

"దీపక్, రిపోర్టు అంటే వంటల జాబితా కాదు నాయనా. ఇచ్చి రమ్మని పంపుతుంటే పుచ్చుకుని వస్తున్నావు. మళ్ళీ మళ్ళీ అవే ఇళ్ళకి ఎందుకు వెళ్తున్నావు?"

"గిన్నెలు తిరిగివ్వాలి కదండీ."

"ఇచ్చేసి వచ్చెయ్యి!"

"ఖాళీగా లేవండి మేడమ్ గారూ."

ఆవిడ నుదురు పట్టుకున్నారు. ఇక్కడ నేనూ పట్టుకున్నాను. పంచదార పోసింది నేనే అని చెప్పొచ్చు కదా! చెప్పడు. నా పేరు ఒక్క రిపోర్టులోనూ రానివ్వలేదు. "గిన్నె గురించి రాసేటప్పుడు నా గురించీ ఒక ముక్క రాయరాదూ," అని నేను కొడుతూ అడిగితే, "మీ మీద ప్రాక్టీసు చెయ్యనని మాటిచ్చేనండి," అన్నాడు.

నాలుగో వారం కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, షాపులో మేమిద్దరమే ఉన్నప్పుడు, నా నోటి నుంచి ఎందుకో ఊడిపడింది. "ఏడు నెలలు దాటింది దీపక్, ఆయన దగ్గర్నుంచి కబురు లేదు. బతికున్నాడో, ఇంకోదాన్ని కట్టుకున్నాడో తెలీదు. అందరికీ బావున్నారని చెప్తున్నాను." వాడు అయ్యో అనలేదు. ప్రార్థన చేస్తానని కూడా అనలేదు. "మంచినీళ్ళు తాగుతారాండి?" అన్నాడు. కూజాలోంచి గ్లాసుతో తెచ్చి ఇచ్చాడు. నేను తాగాను. నా సొంత కూజాలో నీళ్ళే, అయినా ఎవరో తెచ్చి ఇస్తే తాగి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది.

ఆరో వారం శనివారం వచ్చింది. ఆ రోజు క్లాసు లేదు, ఇంటర్వ్యూ. అందులో తప్పితే సోమవారం బీఎడ్ కౌన్సెలింగు. మాస్టారు సర్టిఫికెట్లు అట్టపెట్టెలో సర్ది సిద్ధంగా ఉంచారట. దీపక్ ఒంటిగంటన్నరకే వచ్చి రెండో క్యాబిన్‌లో కూర్చున్నాడు. చేతిలో గిన్నె లేకుండా వాణ్ణి చూడటం వింతగా అనిపించింది. మొహం సున్నం కొట్టినట్టు ఉంది.

శాంతి మేడమ్ మొదలుపెట్టారు. ఏవో ప్రశ్నలడిగారు. వీడు ఒక్కొక్క మాటతో జవాబులు చెప్పాడు. ఆ తర్వాత ఆవిడ కాగితాలు పక్కన పెట్టారు.

"దీపక్, నీ మనసు మంచిదే. కాదనను. కానీ కొండ మీద నువ్వు ఒక్కడివే ఉండాలి. ఈ ఆరు వారాల్లో నీ వల్ల మేలు జరిగిన మనిషి ఒక్కరున్నారా? ఒక్క పేరు చెప్పు, చాలు."

దీపక్ మౌసు తీగను వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు. 

సరిగ్గా అప్పుడే మెట్ల మీద ఆయాసం వినిపించింది. నెత్తిన తడిచెంగు, చేతిలో నేను బాగా ఎరిగిన స్టీలు డబ్బా. ఆవిణ్ణి ఎప్పుడూ చూడకపోయినా డబ్బాను బట్టి గుర్తుపట్టాను, దుర్గమ్మ గారు.

"నెట్ అక్కగారంటే మీరేనాండి?" అంది. "మా పెద్దోడు మస్కట్లో ఉన్నాడండి. ఇక్కడ కెమెరాలో మనిషి కనపడతాడని దీపక్ బాబు చెప్పేడు, సూద్దామని వచ్చేను. ఇయ్యాల బాబుకి పరీక్షంట కదా, అన్నం నేనే అట్టుకొచ్చేనండి మీకు."

"నాకా?"

"మీకే కదండీ ఇన్నాళ్ళూ బాబు అట్టుకెళ్ళింది! మొదటిరోజునే అడిగేడు. 'నాకొద్దండి, తినేనండి. మీరెలాగూ పెడతానంటున్నారు కదా, డబ్బాలో పెట్టివ్వండి. నెట్ సెంటర్లో అక్కగారు మజ్జానం తినట్లేదు, ఆవిడకిస్తాను' అన్నాడు. ఆడపిల్ల పస్తుంటే మాకు ముద్ద దిగుద్దాండి? పాపారావు గారింటికాడా అలాగే అడిగేడంట."

 సిగ్గేసింది. ముందు సిగ్గే వేసింది, ఊరంతా తిరిగి నా కోసం అన్నం అడిగాడని. ఆ వెనకాలే బల్ల కింద గిన్నెల వైపు కళ్ళు వెళ్ళాయి. ఆరు వారాలుగా నేను వేళాకోళం చేస్తున్న గిన్నెలన్నీ నావే. వీడు మేడమ్ దగ్గర తిన్న చీవాట్లన్నీ నా వల్లే.

రెండో క్యాబిన్‌లోంచి శాంతి మేడమ్ గొంతు వినిపించింది. "పేరు లేదన్నమాట. సరే నాయనా. ఇంక..."

నేను లేచి వెళ్ళి వాడి భుజం పట్టుకుని పక్కకు జరిపాను. కెమెరా ముందు వంగాను.

"ఉందండీ మేడమ్ గారూ. రాసుకోండి. మాధురి."

"వద్దక్కగారూ," దీపక్ కంగారుగా లేచాడు. "మాటిచ్చేనండి."

"నువ్విచ్చావు. నేనివ్వలేదు. కూర్చో."

ఇంక ఆగలేదు. ఏడు నెలలకు పైగా దాచింది చెక్కల అవతల ముగ్గురు కస్టమర్లు, ఇవతల దుర్గమ్మ, అంతదూరాన నాగపూర్ వింటుండగా చెప్పేశాను. మా ఆయన దగ్గర్నుంచి కబురు లేదని, బావున్నారని అందరితో అబద్ధం చెప్పానని, డైటింగ్ కాదు, తినబుద్ధి కాలేదని. ఈ అబ్బాయి అడిగి తెచ్చిపెడితే తిన్నానని. గిన్నెల్లో పంచదార పోసింది నేనేనని. చెప్తుంటే కళ్ళ నీళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. ఇంకెవరైనా అలా చేస్తే బయటకు పంపేసేదాన్ని.

శాంతి మేడమ్ కెమెరాకు దగ్గరగా జరిగారు. "మీకు ప్రభువు గురించి ఏమైనా చెప్పాడామ్మా?"

"లేదండీ. చెప్తే మెట్ల మీంచి తోసేద్దును."

"మరి ఆ గిన్నెలు... ఖాళీగా పంపేస్తే గొడవ వదిలేది కదమ్మా?"

"మీరు తెలుగువారే కదండీ!"

ఆవిడ కళ్ళద్దాలు తీసి పమిటచెంగుతో తుడుచుకున్నారు. "ముప్ఫై ఏళ్ళయిందమ్మా ఇక్కడికొచ్చి. మా అమ్మ కూడా ఖాళీ గిన్నె పంపేది కాదు," అన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, "ప్రార్థన చేసుకుందాం దీపక్. ఇవాళ నువ్వు చెయ్యి," అన్నారు.

వాడు లేచి నిలబడ్డాడు. "ప్రభువా, అక్కగారు అన్నం తినేటట్టు చెయ్యండి. ఆమేన్," అన్నాడు. నాకు తెలిసినంతలో అంత చిన్న ప్రార్థన ఇంకోటి లేదు. దేవుడికి కూడా 'అండి' పెట్టింది వీడొక్కడే అయ్యుంటాడు.

సాయంత్రం అయిదింటికి మెయిల్ వచ్చింది. ప్రింటు తీసి, అప్పటికే వచ్చి ఉన్న మాస్టారి చేతికిచ్చాను. మాస్టారు నిలబడే చదువుకున్నారు: "మాట్లాడటంలో సున్నా. పంపదగినవాడు." రెండుసార్లు చదివి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. హెడ్మాస్టర్ల కళ్ళు కూడా తడుస్తాయని ఆ రోజు చూశాను. దుర్గమ్మ గారు మాత్రం తన కొడుకును కెమెరాలో చూసుకుని, ముందు అడగవలసినవి వదిలేసి, "ఒరే, ఈ అక్కగారి మొగుడు ఏ కంపెనీలో ఉన్నాడో కనుక్కోరా" అని పురమాయించింది.

వాడు కనుక్కున్నాడు. మా ఆయన బతికే ఉన్నాడట. కంపెనీ మారాడట. ఫోన్ చేస్తానన్నాడట. ఇంకా చెయ్యలేదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్తున్నాను. పక్క క్యాబిన్‌లోంచి ఎవరో ఒకరు ఆయన్ని తిట్టిపెడుతున్నారు కూడా, నా శ్రమ తగ్గింది.

దీపక్ బయలుదేరిన రోజు పొద్దున్నే నేను పొయ్యి వెలిగించాను. పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం వండి మూడు గిన్నెల క్యారియర్‌లో సర్దుకుని బస్టాండుకు వెళ్ళాను. కిటికీలోంచి అందించి గట్టిగా చెప్పాను. "ఇది నువ్వు తినాలి. ఎవరికీ మోసుకెళ్ళకూడదు. తిన్నాక క్యారియర్ నాకు తిరిగి పంపాలి. ఎలా పంపాలో తెలుసు కదా?"

"ఆయ్," అన్నాడు.

రాజమండ్రి బస్సు స్టాండు దాటకుండానే మూత తీసి, పక్క సీట్లో మామ్మగారి చేతిలో పులిహోర పెడుతున్నాడు. వీడు మారడు.

కార్తీకం వెళ్ళాక ఎవరో ఒకాయన మెట్లెక్కి వచ్చి నా క్యారియర్ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. ఉత్తరం ఉందేమోనని మూడు గిన్నెలూ విప్పి చూశాను. ఉత్తరం లేదు. అడుగు గిన్నెలో గుప్పెడు చోళ్ళు, అవే రాగులు, ఉన్నాయి, కొండ మీద పండినవి. ఆ ఊళ్ళో ఏ తల్లి దగ్గర అడిగి పోశాడో.

ఆ రోజు ఒంటిగంటకు షట్టర్ దించి ఇంటికి వెళ్ళాను. చోళ్ళు తిరగలిలో విసిరి జావ కాచుకుని, కూర్చుని, నిదానంగా తాగాను.